ఏదులగుట్ట రిబ్బను

ఏదులగుట్ట కోటను కట్టినవాళ్లు శత్రువులు రాకూడదని కట్టారు. శత్రువులు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఎక్కి, కొన్నాళ్లుండి, దిగిపోయారు. గుట్ట నెత్తిన మైళ్ల పొడవున పాకిన ఆ రాతిగోడ ఎవరినైనా గట్టిగా ఆపినట్టు చరిత్రలో దాఖలా లేదు. ఇన్ని వందల ఏళ్లకు దుర్గ పర్యాటకాభివృద్ధి సంస్థవారు దాని ఉత్తర ద్వారానికి అడ్డంగా ఒక ఎర్ర రిబ్బను కట్టారు. అప్పుడుగాని ఆ కోట దుర్భేద్యం కాలేదు.

రిబ్బను కట్టించినవారు సంస్థ సహాయ సంచాలకులు చకిలం వామనరావు గారు. కట్టించిన పథకం పేరు 'ప్రాకార పథం'. పొద్దున్నే ఉత్తర ద్వారం దగ్గర బయల్దేరి, గోడ వెంబడి బురుజు బురుజుకూ ఆగుతూ, గైడు చెప్పింది వింటూ నడిచి, పై బురుజు మీద భోంచేసి, సాయంత్రానికి దిగిరావడం. అంతకు మించి అందులో ఏమీ లేదు. మెట్లు బాగుచేశారు, పలకలు పాతారు, గైడుకు శిక్షణ ఇప్పించారు. మిగిలిందల్లా ప్రారంభోత్సవం. సంస్థ గౌరవాధ్యక్షుల వారు వచ్చి రిబ్బను కత్తిరించి, ద్వారం పక్కన శిలాఫలకం మీది పట్టుతెర లాగితే చాలు, నగరం నుంచి బస్సులో వచ్చిన తొలి యాత్రికులు గోడ ఎక్కవచ్చు.

వామనరావు ప్రాణమంతా ఆ పట్టుతెర వెనక ఉంది. ఫలకం మీద అన్ని పేర్ల కిందా, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో 'పర్యవేక్షణ: చకిలం వామనరావు' అని ఉంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన రాతి మీద తన పేరు చూసుకోవాలని తపించిపోయాడు. మొదటిసారి రాతి మీద చోటు చాలలేదు. రెండోసారి రాయి లారీలోనే పగిలింది. మూడోసారి ఎన్నికల కోడ్ వచ్చి, ఫలకానికి చుట్టిన గోనెపట్టా ఇప్పటికీ ఎవరూ విప్పలేదు. "గంత కోరికుంటే మన ఇంటి గేటు మీద చెక్కించుకోరాదుండ్రి" అని భార్య అనసూయమ్మ ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. గేటు మీద పేరు ఎవరైనా చెక్కించుకుంటారు. ప్రభుత్వ ధనంతో చెక్కించిన పేరుకుండే గౌరవం వేరని ఆమెకు ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

ఇక చిక్కేమిటంటే ఆయన ఆ రోజు సాయంత్రం ఐదింటికి రిటైరవుతున్నాడు. తెర తొలగిన క్షణాన కుర్చీలో ఎవరుంటే వారి పేరే ఫలకం మీద ఉండవలెనని సంస్థలో ఒక సర్క్యులర్ ఉంది. అది ఒకప్పుడు తనకంటే ముందున్న అధికారి పేరు ఒక మరుగుదొడ్ల సముదాయం మీది నుంచి చెరిపించడానికి వామనరావే స్వయంగా రాసినది. చాలా పకడ్బందీగా రాశాడు. ఎక్కడా సందు లేదు.

పొద్దున యాత్రికుల బస్సు వచ్చేసరికి వామనరావు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో వెండిపళ్లెం, పళ్లెంలో కత్తెరతో ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన సూపరింటెండెంటు ప్రమీల. సాయంత్రం నుంచి కుర్చీ ఆమెకే అప్పగిస్తారు. ఆఫీసు పని మొత్తం వామనరావు దగ్గరే నేర్చుకున్న మనిషి. సార్ చెప్పిన ఏ మాటనూ మరిచిపోదు.

బస్సులోంచి అందరికన్నా ముందు దిగింది నఫీసా టీచర్. బళ్లో డ్రిల్లు చెప్పి చెప్పి రిటైరైనా మెడలో విజిల్ మాత్రం తీయలేదు. తన వాకింగ్ బృందాన్నంతా వెంటేసుకొచ్చింది. నేరుగా ద్వారం దాకా వచ్చి, నడుమెత్తున కట్టిన రిబ్బను ముందు ఆగింది.

"ఏంది సార్, దర్వాజ తెరిచే ఉన్నది గదా. ఇంక దేనికి ఆగుడు?"

"ద్వారం తెరిచే ఉంది మేడమ్. మార్గం ఇంకా ప్రారంభం కాలేదు."

"మరి మెట్లు కనబడుతున్నయి?"

"కనబడుతున్న మాట వాస్తవమే," అన్నాడు వామనరావు ఓపికగా. "అయితే సంస్థ దృష్టిలో అవి ప్రస్తుతం లేవు. గౌరవాధ్యక్షుల వారి కరకమలములచే ప్రారంభింపబడిన పిదప ఉనికిలోకి వస్తాయి."

ఆ మాట పూర్తయ్యేలోపే కింది ఊరి లచ్చవ్వ తన మేకల మందతో వచ్చింది. మేకలు రిబ్బను కిందుగా దూరి, లేని మెట్ల మీద చకచకా ఎక్కిపోయాయి. లచ్చవ్వ కూడా నెత్తిన గుడ్డ సర్దుకుని, కాస్త నడుము వంచి, రిబ్బను దాటి వాటి వెనక వెళ్లిపోయింది. రోజూ వెళ్లినట్టే వెళ్లింది.

"అవ్వ పోయింది గదా సార్?"

"ఆమె యాత్రికురాలు కాదు. పథకం ఆమెకు వర్తించదు."

"మేకలు?"

వామనరావు ప్రమీల వైపు చూశాడు. ప్రమీల ఒక్క క్షణం ఆలోచించి, "మేకల విషయమై మార్గదర్శకాలు మౌనంగా ఉన్నాయి" అంది.

ఎండ ఎక్కింది. గౌరవాధ్యక్షుల వారి పి.ఎ. ప్రతి అరగంటకూ ఫోనులో "దగ్గర్లనే ఉన్నం" అంటున్నాడు. ద్వారం దగ్గర షామియానా లేదు. కాలపట్టిక ప్రకారం ఆ వేళకు యాత్రికులు మొదటి బురుజు నీడలో ఉండాలి కాబట్టి షామియానాకు మంజూరు రాలేదు. గొడుగుల్లేని వాళ్లు బస్సు నీడకు చేరారు. బస్సు నీడ చాలక కొందరు ఒకరి నీడలో ఒకరు నిలబడ్డారు. నఫీసా టీచర్ ఒంటికాలి మీద లేచింది.

"నడుస్తమని వచ్చినం సార్. నిలబడనీకి మాకు ఇంటికాడ జాగ లేదా?"

వామనరావుకూ కంగారుగానే ఉంది. జనం తిరిగి వెళ్లిపోతే ప్రారంభోత్సవమే ఉండదు, తెర లాగడమూ ఉండదు. మరోవైపు కాలపట్టిక తప్పుతోంది. ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో ఆయన ఎన్నిటినో తప్పనిచ్చాడు గానీ, కాలపట్టికను తప్పనిచ్చింది లేదు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు.

"యాత్రను ఆరంభిద్దాం," అన్నాడు. "మార్గం వినియోగించకుండా."

గైడు బిక్షపతికి నగరంలో పెద్ద హోటల్లో ఏసీ హాల్లో శిక్షణ ఇప్పించారు. శిక్షణ అంతా తెర మీద బొమ్మలతోనే జరిగింది కాబట్టి గోడ ఎక్కకుండా గోడ గురించి చెప్పడం అతనికి కష్టమనిపించలేదు. బస్సు పక్కన ఎత్తైన బండ మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రియమైన యాత్రికులారా, ప్రస్తుతం మనం మొదటి బురుజుకు దారితీసే సోపానములను అధిరోహిస్తున్నాం. మెట్లు ఎత్తుగా ఉన్నవి, దయచేసి జాగ్రత్త వహించగలరు."

యాత్రికులు ముఖముఖాలు చూసుకున్నారు. నఫీసా టీచర్ మాత్రం వెనక్కి తగ్గే రకం కాదు. వచ్చిన కోపాన్నంతా విజిల్లోకి ఊదింది.

"మార్క్ టైమ్!"

బృందమంతా నిలబడిన చోటే కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది. మెట్లు ఎత్తుగా ఉన్నాయన్నాడు కాబట్టి కొందరు మోకాళ్లు ఇంకాస్త పైకి లేపారు. "ఎడమవైపు అగాధమైన లోయను తిలకించండి" అన్నాడు బిక్షపతి. ఎడమవైపు చెరుకురసం బండి ఉంది. అందరూ తిలకించారు. రెండో బురుజు దాటేసరికి ఒక లావుపాటి పెద్దాయన ఆయాసపడి, "జర ఆగుండ్రి, గింత ఏటవాలు నాతోని గాదు" అని బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. వామనరావు వెంటనే ఆయనకు మంచినీళ్లు ఇప్పించి, వైద్య సహాయం అందించినట్టు రాసుకోమని ప్రమీలకు చెప్పాడు.

కాలపట్టికలో పై బురుజు మీద మధ్యాహ్న భోజనం అని ఉన్న వేళకు పులిహోర పొట్లాలు పంచారు. "ఇక్కడ గాలి ఎంత చల్లగా వీస్తున్నదో గమనించండి" అని బిక్షపతి అందరినీ హెచ్చరించాడు. అప్పటికి అతనికే నమ్మకం కుదిరినట్టుంది, భుజాల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడు గోడ మీది నుంచి ఒక కేక వినిపించింది.

"ఏయ్, ఎవరయ్యా ఆడ? వామనరావెక్కడున్నడు?"

అందరూ తలెత్తి చూశారు. తెల్ల లాల్చీ చెమటకు ఒంటికి అంటుకుపోయి, చేతిలో ఎండుకట్టె ఊతంగా, ఒక భారీ మనిషి మెట్లు దిగుతున్నాడు. వెనకాల పి.ఎ. గౌరవాధ్యక్షుల వారే. ఫోనులో దారి చూపించే గొంతు ఆయన కారును గుట్ట అవతలి దక్షిణ ద్వారానికి తీసుకుపోయింది. అక్కడ ఎవరూ లేరు. లచ్చవ్వ కనిపించి, జనమంతా గుట్ట ఇవతల ఉన్నారని చెబితే, గోడ పట్టుకుని నడిస్తే దగ్గరని పి.ఎ. సలహా ఇచ్చాడు. ఆ దగ్గర నడక మధ్యాహ్నం దాకా పట్టింది. ప్రాకార పథాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిన తొలి మనిషి ఆయనే, ప్రారంభించాల్సిన మనిషీ ఆయనే. వచ్చి రిబ్బనుకు లోపలివైపు నిలబడ్డాడు.

"కత్తెర ఇటియ్యి. కట్ చేసి పడేస్త," అన్నాడు రొప్పుతూ.

వామనరావు పళ్లెం ముందుకు చాపాడు. ఆయన కళ్ల ముందు పట్టుతెర అప్పుడే జారిపోయింది. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాలు మెరిశాయి.

"సార్, ఒక్క సందేహం," అంది ప్రమీల.

వామనరావు పళ్లెం అలాగే చాపి ఉంచాడు.

"గౌరవాధ్యక్షుల వారు లోపలి నుంచి కత్తిరిస్తే, వారు ప్రవేశించేది బయటికి. అంటే ప్రారంభమయ్యేది కోట కాదు, కోట బయటి స్థలం. అది గ్రామ పంచాయతీది. అందులో అసంపూర్తిగా ఉన్న మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. ఏదైనా లోపలికి అడుగుపెడుతూ ప్రారంభించాలి తప్ప బయటికొస్తూ ప్రారంభించే ఆనవాయితీ సంస్థలో లేదని మీరే చెప్పారు సార్."

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. వామనరావు బాధ కూడా అదే. న్యాయం కాని ప్రశ్న అయితే కసిరి ఊరుకునేవాడు. ఆమెకు ఈ సంగతి చెప్పిన రోజు కూడా ఆయనకు గుర్తుంది, చెప్పి ఎంత మురిసిపోయాడో కూడా గుర్తుంది. పళ్లెం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"అయితే ముడి విప్పుండ్రి, సార్ ఇటొచ్చి మళ్ల కట్ చేస్తరు," అంది నఫీసా టీచర్.

"పురోహితుల వారు ముహూర్తం చూసి వేసిన ముడి మేడమ్. విప్పితే అది రిబ్బనెట్లా అవుతుంది? ఉత్త గుడ్డ అవుతుంది."

"పోనీ జర కిందికెల్లి..."

నఫీసా టీచర్ మాట పూర్తి చేయకముందే పి.ఎ. ముఖం ఎర్రబడింది. "సార్ వంగరు!" అన్నాడు. గౌరవాధ్యక్షుల వారికి ఆ మాట నచ్చింది. అప్పటిదాకా వాలి ఉన్న మనిషి నిటారుగా అయ్యాడు.

"మరేం చెయ్యమంటవ్ వామనరావ్?"

వామనరావుకు చెప్పక తప్పలేదు. "తమరు వచ్చిన మార్గాననే వెనుదిరిగి, దక్షిణ ద్వారం గుండా నిష్క్రమించి, కారులో ఈ దిశకు వేంచేయవలసిందిగా ప్రార్థన."

గౌరవాధ్యక్షుల వారు గుట్ట వైపు చూశాడు, రిబ్బను వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పరువున్న మనిషి. ఎండుకట్టె నేలకు తాటించి వెనక్కి తిరిగాడు. ఆయన తెల్ల లాల్చీ మొదటి మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వామనరావు గడియారం చూడటం, గోడ చూడటం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. కళ్లు కాయలు కాచాయి. పి.ఎ. ఫోను కలవడం మానేసింది. ఎండ పడమటికి వాలింది.

"సార్," అంది ప్రమీల మెల్లగా. "ఐదయింది."

ఆమె వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణంలో కపటం లేదు, కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. లేచి కళ్లు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి జిగురు రాసిన ఒక కాగితపు ముక్క తీసింది. పట్టుతెర కింద నుంచి చెయ్యి పోనిచ్చి, తడుముకుంటూ చివరి పంక్తి దొరకబుచ్చుకుని, కాగితం అద్దింది.

"పొద్దున్నే ప్రింటు తీయించి పెట్టుకున్నాను సార్. ముందుచూపు ఉండాలని మీరే చెప్పేవారు కదా."

"మంచి పని చేశావమ్మా," అన్నాడు వామనరావు. ఏడుపొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంతమంది ముందు, ఇలా ఏడుపు రావడం ఆయనకు చాలా సిగ్గనిపించింది.

"సార్, ఇంకొక్క మాట. ఆ పళ్లెం ఇటివ్వండి. పబ్లిక్ కాస్త వెనక నిలబడాలి, బస్సు దగ్గర."

పబ్లిక్ ఎవరా అని వామనరావు చుట్టూ చూశాడు. తరవాత పళ్లెం ఇచ్చేశాడు.

అప్పుడే గుట్ట మీద మేకలు అరిచాయి. లచ్చవ్వ మంద దిగుతోంది. మేకలు రిబ్బను కిందుగా వచ్చేశాయి. లచ్చవ్వ నెత్తిన ఇప్పుడు పుల్లల మోపు ఉంది. పొద్దుట్లా వంగడానికి వీల్లేక ఆగిపోయింది.

"జర ఆ పట్టీ లేపు బిడ్డా," అంది, దగ్గర్లో ఉన్నది వామనరావే కాబట్టి.

దండెం మీది బట్టల కింద నుంచి మనిషి పోవాలంటే తీగెను ఎత్తినట్టు, వామనరావు రిబ్బనును పైకెత్తాడు. లచ్చవ్వ వచ్చేసింది. చెయ్యి ఇంకా పైనే ఉంది. ఎదురుగా మెట్లున్నాయి. పొద్దున లేని మెట్లే. తను పెట్టిన ప్రతిపాదనల్లో, పంపిన నివేదికల్లో వాటిని గురించి ఎన్నోసార్లు రాశాడు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎప్పుడొచ్చినా కింద నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, జీపెక్కి వెళ్లిపోయాడు.

అడుగు వేశాడు. నఫీసా టీచర్ విజిల్ ఊదింది. ఆమె బృందమంతా రిబ్బను కిందుగా దూరింది.

"సార్! ఇంకా ప్రారంభం కాలేదు సార్!" అని అరిచింది ప్రమీల.

"నేను పబ్లిక్‌నమ్మా," అన్నాడు వామనరావు వెనక్కి చూడకుండా.

మొదటి బురుజు చేరి ఆయన ఆగాడు. గోడ మీద చెయ్యి ఆనించాడు. పగలంతా కాగిన రాయి ఇంకా వెచ్చగా ఉంది. కింద పొలాలు, చెరువులు, ఊళ్లు, వాటి మీద పచ్చని సాయంకాలపు ఎండ. ఇంత అందమైనదాన్ని 'పర్యాటక సంభావ్యత గల నిర్మాణము' అని రాసిపెట్టి ఇన్నేళ్లు కింద నిలబడ్డానే అని మనసు చివుక్కుమంది. పక్కనే బిక్షపతి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. లోయ నిజంగానే ఎడమవైపు ఉంది.

రెండో బురుజు మీద గౌరవాధ్యక్షుల వారు చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, గోడకు చేరగిలబడి ఉన్నాడు. అక్కణ్నుంచి ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. నఫీసా టీచర్ మిగిలిన పులిహోర పొట్లం ఆయన చేతిలో పెట్టింది. ఆయన నాలుగు ముద్దలు తిని అడిగాడు.

"రిబ్బన్ తీసేసిండ్రా?"

"లేదు సార్. అట్లనే ఉంది," అన్నాడు వామనరావు.

"మరెట్ల వచ్చిండ్రు?"

"వంగి వచ్చినం సార్."

గౌరవాధ్యక్షుల వారు పొట్లం పక్కన పెట్టాడు. "వంగితే ఒస్తదా?" అన్నాడు.

"వస్తది సార్."

ఆయన పి.ఎ. వైపు చూశాడు. పి.ఎ. లోయను తిలకిస్తున్నాడు.

అనివార్య కారణాల వల్ల ప్రారంభోత్సవం వాయిదా పడింది. ఇప్పటికీ వాయిదాలోనే ఉంది. రిబ్బను వెలిసిపోతే ప్రమీల అదే కొలతకు కొత్తది కట్టించింది, వానకు తడవకుండా దాని మీద రేకుల కప్పు వేయించింది. ప్రారంభం కాని మార్గంలోకి జనం చొరబడిన ఘటనపై విచారణ సంఘం కూర్చుంది. గౌరవాధ్యక్షుల వారు వ్యతిరేక దిశలో నడిచారు కాబట్టి అది ముందస్తు తనిఖీ అని తేల్చింది. లచ్చవ్వ పథకం పరిధిలో లేదు. మేకల విషయంలో మార్గదర్శకాల మౌనాన్ని గౌరవించింది. మిగిలినవారిలో ముందు అడుగు వేసింది ఎవరో సాక్షులంతా ఒకే మాట చెప్పారు. ఇకముందు ఎవరూ ఇలాంటి పనికి తెగించకుండా ద్వారం దగ్గర శాశ్వత హెచ్చరిక ఉండాలని సంఘం సిఫారసు చేసింది. బోర్డయితే గాలికి పడిపోతుందని రాతి మీదే చెక్కించారు. హెచ్చరికలకు ప్రారంభోత్సవం అక్కర్లేదు కాబట్టి దానికి తెర లేదు.

ఒక ఆదివారం వామనరావు అనసూయమ్మను వెంటబెట్టుకుని ఏదులగుట్టకు వెళ్లాడు. ద్వారానికి ఒక పక్క శిలాఫలకం, దుమ్ము పట్టిన పట్టుతెర కింద అలాగే ఉంది. రెండో పక్క దానికన్నా రెట్టింపు పెద్ద నల్లరాయి. అనసూయమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ప్రారంభమునకు పూర్వము ఈ మార్గమున ప్రవేశించుట శిక్షార్హము. ప్రథమ అపరాధి: చకిలం వామనరావు."

చదివి, కళ్లద్దాలు తీసి, మొగుడి వైపు చూసింది. ఆయన చొక్కా గుండీలు సరిచేసుకుని, తల దువ్వుకుని, రాయి పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు.

"పేరు మొత్తం పడేటట్టు తియ్యి," అన్నాడు ఫోను ఆమె చేతికిస్తూ.